నీళ్ల మీద ఉపన్యాసం

పోయిన నెల చిమిండైంగ్ బజారుకి పప్పులు కొనడానికి వెళ్లాను. ఏటి ఒడ్డున ఒక ముసలావిడ బస్తాలు విప్పి గింజలన్నీ కుప్పలు పోసుకుని కూర్చుంది. ఒక్కో కుప్పలో ఒక్కో అట్టముక్క గుచ్చి, దాని మీద గింజ పేరు బర్మా భాషలో రాసిపెట్టింది. బొబ్బర్ల కుప్పలో ఉన్న అట్టముక్కకి అడుగున గుండ్రటి చిల్లు ఉంది. తీసి తిప్పి చూశాను. వెనకవైపు మాసిపోయిన టైపు అక్షరాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం పేరు, దాని కింద అది ఉండే అర నంబరు. లైబ్రరీ సొరుగులో ఇనుప కడ్డీకి గుచ్చి ఉండే కార్డు అది.

"ఇది ఎక్కడిది?" అని అడిగాను.

"చిత్తుకాగితాలవాడు ఇచ్చాడు, ఇలాంటివి సంచీడు ఉన్నాయి. కావాలా?" అందావిడ.

వద్దన్నాను. బొబ్బర్లు మాత్రం కొని ఇంటికి వచ్చాను. ఆ రోజంతా నాకు నాఫ్తలీన్ ఉండల వాసన వేస్తూనే ఉంది. మా కాలేజీ లైబ్రరీలోకి అడుగుపెట్టగానే వేసే వాసన అది. దాంతో పాటు తడిసిన కొబ్బరిపీచు పట్టా వాసన, పుస్తకాల అధికారి నోట్లో వెలిగించకుండా పెట్టుకునే చుట్ట వాసన. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ వాసనలతో పాటే ఉంది. చెప్పేస్తాను.

మాది తాకేటా. పజుండాంగ్ కాలవకి అవతలి పక్కనున్న పేట. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి ఓడెక్కి వచ్చినవాళ్లు. నాన్న రేవు గోదాములో పనిచేసేవారు. మా వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్లని నేనే. యుద్ధం నాటి లారీలకి చెక్కబాడీ కట్టిన బస్సుల్లో, వెనక బల్ల మీద నలుగురి మధ్య ఇరుక్కుని, వంతెన దాటి వెళ్లేదాన్ని. ఇంట్లో కుళాయి లేదు. బావి తవ్వితే ఉప్పునీళ్లు పడేవి. తాగే నీళ్లకి కంచె కట్టిన మంచినీళ్ల గుంట దగ్గర పొద్దున్నే వరసలో నిలబడాలి. అమ్మ రెండు నూనె డబ్బాలు కావడికి కట్టి భుజాన వేసుకుని తెచ్చేది. ఆ డబ్బాల్లో నీళ్లు తొణక్కుండా అరిటాకు ముక్కలు వేసేది. మా ఇంట్లో నీళ్లకెప్పుడూ పచ్చి ఆకు వాసన ఉండేది.

కాలేజీలో నా తరగతిలో ఇంకో తెలుగమ్మాయి ఉండేది. ఆమెని మా ఇంట్లో అందరూ లతపిల్ల అనేవారు. ఆమె పేరు అది కాదు. లత అనేది ఊరి నడిబొడ్డున వాళ్లుండే పేట పేరు. వాళ్లది కాకినాడ వైపు నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. కింద పప్పుల కొట్టు, పైన ఇల్లు. పైన అంటే మూడో అంతస్తులో. అక్కడికీ కుళాయి వచ్చేది.

ఆమె అంటే నాకు అసూయ. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా రాయగలుగుతున్నాను గానీ, అప్పుడు దాన్ని ఇంకేదో అనుకునేదాన్ని. పొగరుబోతు మనుషులంటే నాకు గిట్టదు అనుకునేదాన్ని. ఆమెకి పొగరు లేదు. అది నాకు మరీ కష్టంగా ఉండేది. ఆమె టిఫిను డబ్బా మూత తీస్తే మినపట్టు మీది నెయ్యి వాసన బల్ల చివరిదాకా వచ్చేది. సగం తుంచి నా మూతలో పెట్టేది. నా డబ్బాలో ఎండుచేప వేపుడూ, ఙపీ వేసిన చింతపండు పచ్చడీ ఉండేవి. ఙపీ అంటే ఇక్కడివాళ్లు రొయ్యలతో, చేపలతో పులియబెట్టే ముద్ద. అది ఆమె అడిగి మరీ తినేది. నా అన్నం కూడా వదలదు అనుకునేదాన్ని. ఆమెకి జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే, మా సయామ, అంటే పంతులమ్మగారు, "మీ స్నేహితురాలు ఎలా ఉంది?" అని నన్ను అడిగారు. ఆ తర్వాత నాకు వారం రోజులు జ్వరం వచ్చింది. నా గురించి ఆమెని ఎవరూ అడగలేదని విని మంచం మీదే ఏడ్చాను.

ఆ ఏడాది ఎండలు ముదరకముందు సయామ ఒక పోటీ ప్రకటించారు. 'మన నగరానికి ముందుగా కావలసినది ఏది' అన్న విషయం మీద ఇంగ్లీషులో ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. వినేవాళ్లని ఒప్పించాలి.

"సంగతులు లైబ్రరీలో దొరుకుతాయి. కానీ సంగతులు చదివి దిగిపోతే అది ఉపన్యాసం కాదు. మీరు దిగాక వినేవాళ్లు ఏం చేయాలో వాళ్లకి తెలియాలి" అన్నారావిడ.

గెలిచినవాళ్లకి బహుమతి ఏమిటంటే, ఏడాదిపాటు లైబ్రరీ లోపలి గదుల్లోకి వెళ్లి అరల మధ్య తిరగడానికి అనుమతి. ఇప్పటివాళ్లకి ఇది నవ్వులాటగా ఉంటుంది. అప్పుడు మా దేశంలోకి బయటి నుంచి కాగితం ముక్క వచ్చేది కాదు. దుకాణాల్లో పాత పుస్తకాలే చేతులు మారేవి. లైబ్రరీ సొరుగుల్లో కార్డులు కూడా ఒక ఏడాది దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత లోకంలో ఎవరూ ఏమీ రాయలేదేమో అన్నట్టు ఉండేది. ఉన్న పుస్తకాలైనా మాకు కనపడేవి కావు. చీటీ రాసిచ్చి కిటికీ దగ్గర నిలబడితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చేవారు. అక్కడే చదివి, గంట కొట్టగానే తిరిగి ఇచ్చేయాలి. ఆ తలుపు అవతల ఏముందో చూడాలని నాకు ఆకలిలాంటి కోరిక ఉండేది.

నేను నీళ్లని ఎంచుకున్నాను. నాకన్నా బాగా ఎవరు చెప్పగలరు అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

కాలేజీ వరండాలో పచ్చిమామిడికాయ ముక్కలు కారం, రొయ్యపొడి అద్దుకుని తింటుంటే లతపిల్ల అడిగింది. "దేని మీద మాట్లాడతావే నువ్వు?"

"వంతెన మీద. మా కాలవకి ఇంకోటి కావాలని" అన్నాను. నోటికి వచ్చిన మొదటి అబద్ధం అది.

"బాగుంది. నాకింకా ఏదీ తోచట్లేదు."

నాలుగు రోజులు పోయాక ఆమె పరుగున వచ్చింది. "నేను నీళ్ల గురించి చెప్తానే. మొన్న మీ ఇంటికొచ్చానా, మీ అమ్మగారు కావడి దించి గుమ్మంలో చతికిలబడ్డారు చూడు, అప్పట్నుంచీ అదే కళ్లముందు ఆడుతోంది. నీదెలాగూ వంతెనే కదా."

ఆ క్షణంలో 'కాదు, నాదీ నీళ్లే' అని నవ్వేస్తే సరిపోయేది. నేను "బాగుంటాది" అన్నాను. ఇంటికి వెళ్లేదాకా బస్సులో ఒకటే లెక్క వేసుకున్నాను. ఇంటికి కుళాయి ఉంది, నెయ్యి ఉంది, గొంతు ఉంది. చివరికి మా అమ్మ మోసే కావడి కూడా కావాల్సివచ్చింది దీనికి.

అప్పటికి వారం రోజులుగా నేనొక పుస్తకం చదువుతున్నాను. దొరల కాలంలో ఈ నగరానికి నీళ్లు ఎలా తెచ్చారో రాసిన నివేదిక. సరస్సు ఎంత దూరం, గొట్టాలు ఎంత లావు, ఏ పేటకి ఎప్పుడు అందాయి, ఏ పేటల్ని ఎందుకు వదిలేశారు, అన్నీ ఉన్నాయి. ఒకటే ప్రతి. ఫొటోకాపీ యంత్రాలు మాకు తెలియవు. పాత కేలండరు కాగితాలు కోసి, వెనకవైపు పెన్సిలుతో ఎత్తి రాసుకునేదాన్ని. సగం అయింది.

మర్నాడు గంట కొట్టే వేళకి అందరూ లేస్తున్నారు. చదువుకునే హాలులో గోడ పొడవునా పాత గెజిట్లు బైండు కట్టి వరసగా ఉండేవి. వాటిని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆ వరస వెనకాల, గోడకీ గెజిట్లకీ మధ్య, నివేదికని జారవిడిచాను. మెత్తని చప్పుడొకటి అయింది. కిటికీ దగ్గర గుంపులో కలిసిపోయి బయటికి వచ్చేశాను.

పుస్తకాల అధికారి పెద్దాయన, బర్మావాడు. మేమంతా ఊలే అనేవాళ్లం, అంటే బాబాయిగారని. లతపిల్ల ఆ నివేదిక కోసం చీటీ రాసిచ్చినప్పుడల్లా ఆయన లోపలికి వెళ్లి, చాలాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చేవారు. మూడో రోజు నిచ్చెన వేయించి తనే ఎక్కి వెతికారు. ఐదో రోజు లతపిల్ల నాతో అంది, "పాపం ఊలే నా వల్ల ఎంత తిప్పలు పడుతున్నారో. నీకేమైనా తెలుసా ఆ పుస్తకం సంగతి?"

"నాకేటి తెలుసు" అన్నాను. "నాది వంతెన కదా."

ఆ సాయంత్రం ఊలే నన్ను కిటికీ దగ్గరకి పిలిచారు. ఏమీ అడగలేదు. "వంతెనల మీద పుస్తకాలు కూడా ఉన్నాయి, కావాలంటే" అన్నారు బర్మాలో. తల ఎత్తకుండా వద్దన్నాను.

నా ఉపన్యాసం బ్రహ్మాండంగా తయారవుతోందనుకున్నాను. ఇంట్లో అమ్మ రోటి ముందు కూర్చుని పచ్చడి నూరుతుంటే ఎదురుగా నిలబడి చెప్పి చూపించాను. రోకలి ఆపి ఓపిగ్గా విని, అంది కదా, "ఇంగిలీసు గడగడా వొచ్చీసింది. ఏటి సెప్తన్నావో మరి."

"నీల్ల గురించే అమ్మా."

"నీల్ల గురించా? మరి నా ముకం సూసి సెప్పవేటి?"

నేను చూస్తున్నది కేలండరు కాగితాలని.

పోటీకి వారం ఉందనగా కాలేజీ ఆవరణలోకి పోలీసు లారీలు వచ్చాయి. అంతకుముందు రెండు రోజులుగా వేరే కాలేజీ కుర్రాళ్లకీ పోలీసులకీ ఏదో జరిగిందని గుసగుసలు. ఆ రోజు మమ్మల్ని వెనక గేటు గుండా పంపేశారు. చెప్పులు జారిపోయినా ఎవరూ వంగి తీసుకోలేదు. కాలేజీలన్నీ మూసేశారు. పోటీ లేదు, పరీక్షల్లేవు. రేడియోలో పాటలు, ప్రకటనలు తప్ప సంగతేమీ చెప్పేవారు కాదు. నాన్న సాయంత్రాలు చెవి రేడియోకి ఆనించి, బయటి దేశపు స్టేషను కోసం ముల్లు తిప్పేవారు. నాకు మాత్రం గెజిట్ల వెనక పడి ఉన్న పుస్తకమే గుర్తొచ్చేది. ఊళ్లో పిల్లల్ని పట్టుకుపోతుంటే నాకు పుస్తకం గొడవ ఏమిటని సిగ్గుపడేదాన్ని. అయినా అదే గుర్తొచ్చేది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న లతపిల్ల మా గుమ్మంలో నిలబడి ఉంది. మోకాళ్లదాకా బురద, చేతిలో నోటుపుస్తకం. పోటీ ఎప్పుడో ఒకప్పుడు పెడతారుట. పుస్తకం దొరకలేదు కాబట్టి మనుషుల్ని అడిగి రాసుకుంటుందిట. గుంట దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్లని ఒక్కొక్కరినీ పలకరించింది. ఎన్ని సార్లు వస్తారు, ఎంతసేపు నిలబడతారు, నీళ్లు చాలని రోజు ఎవరు తాగడం మానుకుంటారు. ఆఖరి ప్రశ్న విని మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తోచలేదు.

తర్వాత లతపిల్ల ఇంటికొచ్చి మా నాయనమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. మామ్మ మాతో ఎక్కువ మాట్లాడేది కాదు. చుట్ట కాల్చుకుంటూ వాన చూస్తూ ఉండేది. నేను వంటింట్లో లఫే కలుపుతున్నాను, ఊరిన తేయాకులో వేరుశనగలూ, వేయించిన వెల్లుల్లీ వేసి. తడిక అవతల నుంచి మామ్మ గొంతు వినపడింది.

"ఆ గొట్టాలెట్టినప్పుడు కందకం తవ్వినోడు మా ముసిలోడేనమ్మా. కొలనుకాడి నుంచి ఊరిలోకి. దాహమేస్తే పక్కన మురుగ్గుంటలో నీల్లు తాగీసీవోరు. జట్టులో ముగ్గురు వాంతులై పోయినారు. ఆల్ని కందకం పక్కనే పూడ్సినారంట. నీల్లొచ్చినాయి. ఎవలికొచ్చినాయి? లతకొచ్చినాయి. దొరల బంగళాలకొచ్చినాయి. మాకు నేదు."

లతపిల్ల నోటుపుస్తకం మూసింది. "మా ఇంట్లో కుళాయి తిప్పితే వస్తాయి మామ్మా" అంది.

"రానీ, నీ తప్పేటున్నాది అందులో."

ఆమె వెళ్లాక లఫే పళ్లెం అలాగే పట్టుకుని మామ్మ ముందు నిలబడ్డాను. "నాకెప్పుడూ సెప్పనేదేటి మామ్మా ఈ సంగతి?"

మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "నువ్వెప్పుడడిగినావు?"

తాతని కూడా ఎత్తుకుపోయింది అనుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు.

ఆ వానాకాలమే సైనిక ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా వీధుల్లోకి వచ్చింది. అప్పటిదాకా గుసగుసలాడినవాళ్లు గొంతెత్తి మాట్లాడారు. మా తాకేటా నాలుగు రోడ్ల కూడలిలో, చేపల పులుసులో సేమ్యా వేసి అమ్మే మొహింగా కొట్టు బల్ల తెచ్చి వేశారు. ఎవరికి ఏది చెప్పాలనిపిస్తే ఎక్కి చెప్పడమే. బస్సు డ్రైవర్లు ఎక్కారు, నర్సులు ఎక్కారు, ఒక సన్యాసి ఎక్కారు. జనం గొడుగులు వేసుకుని నిలబడి వినేవారు. మొహింగావాడు గంజు దించకుండా అందరికీ పోస్తూనే ఉండేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం మామ్మని చెయ్యి పట్టుకుని నేనూ వెళ్లాను. బల్ల మీద లతపిల్ల ఉంది. బస్సులు లేని ఊళ్లో ఒంటరిగా నడిచి వచ్చింది. చేతిలో కాగితం లేదు. బర్మాలో మాట్లాడుతోంది. గుంట దగ్గర ఆడవాళ్ల సంగతి చెప్పింది. నీళ్లు చాలని రోజు తల్లి మానుకుంటుందని చెప్పింది. కందకం సంగతి చెప్పింది. "ఆ నీళ్లు తాగి పెరిగినదాన్ని నేను. తవ్వినవాళ్లు ఈ పేటలో ఉన్నారు. రేపు మంచి రోజులొస్తే మొదటి గొట్టం ఇటువైపు రావాలని మనమంతా అడగాలి" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది తలలు దించుకుని ఉన్నారు. మామ్మకి బర్మా బాగా వచ్చు. నా చెయ్యి వదిలేసి రెండు చేతులతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు లతపిల్ల నన్ను చూసింది. "ఆ తాత మనవరాలు అక్కడుంది. ఇది చెప్పాల్సింది ఆమె, నేను కాదు. రావే, ఎక్కు" అంది, ఆఖరి మాట తెలుగులో. జనం తలలు తిప్పారు. నాకు దారి ఇచ్చారు.

"పిలస్తంది, ఎల్లు" అంది మామ్మ.

నేను వెనక్కి అడుగేశాను. గొడుగులున్న చోటికి, మనుషుల వెనక్కి. ఆమె చెయ్యి కాసేపు అలాగే చాచి ఉంది. తర్వాత దించింది. ఇంకెవరో ఎక్కారు.

కొన్ని వారాలకే అంతా ముగిసింది. తుపాకుల చప్పుడు కాలవ అవతల నుంచి విన్నాం. మా వీధి నుంచి వెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు. కూడలిలో బల్ల తీసేశారు. సైనికులు నిలబడ్డారు. మామ్మ ఆ చలికాలం పోయింది. కాలేజీలు ఏళ్ల తరబడి తెరవలేదు.

తెరిచిన రోజున ఇక ఏ గొడవల్లోకీ వెళ్లనని నాన్న చేత సంతకం పెట్టించిన కాగితంతో వెళ్లాను. మళ్లీ చేర్చుకునేవాళ్లదని గోడకి అంటించిన జాబితాలో నా పేరుంది. ఆమె పేరు లేదు. కూడలిలో ఎవరో ఫొటో తీశారట, బల్ల మీదున్నవాళ్లందరి ముఖాలూ అందులో ఉన్నాయట.

తిన్నగా లైబ్రరీకి నడిచాను. గెజిట్ల వెనక చెయ్యి పెడితే పుస్తకం తగిలింది. చెదలు ఒక మూల తినేశాయి. కిటికీ దగ్గర ఊలే ఉన్నారు, సగమైపోయారు. పుస్తకం ముందు పెట్టి, "నేనే దాచాను" అన్నాను.

ఆయన దాని మీద బూజు అరచేత్తో తుడిచారు. "ఆఖరి చీటీ నీదే కదమ్మా, నాకు తెలుసు. రిజిస్టరులో బైండింగుకి వెళ్లిందని రాశాను. వచ్చి చెప్తావనుకున్నాను. ఇంత కాలం పడుతుందనుకోలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. నాకు ఆయన కోపం కావాల్సి ఉంది.

డిగ్రీ పూర్తి చేశాను. బడిలో పంతులమ్మనయ్యాను. లత పేటకి వెళ్లడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆమె కొట్లో తండ్రి కూర్చునే చోట కూర్చుని ఉంది. జుట్టు ముడేసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని. నన్ను చూసి గబగబా లేచి పీట వేసింది. టీ తెప్పించింది. నేను టీ ముట్టకుండానే పుస్తకం సంగతి చెప్పేశాను, అబద్ధపు వంతెనతో సహా.

ఆమె వింటూ కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ముఖం ఎర్రబడింది. "ఊలేని నిచ్చెనెక్కించావు కదే, అంత పెద్దాయన్ని" అంది. ఏరిన రాళ్లు పక్కకి నెట్టింది. "పుస్తకం సంగతి పోనియ్. అది కాదు నన్ను తినేసింది. బల్ల మీదికి పిలిస్తే ఎందుకు రాలేదు? ఇన్నేళ్లూ అదే అనుకుంటున్నాను. మీ తాత సంగతి అడక్కుండా చెప్పేశానని కోపమొచ్చిందా?"

"బయమేసింది" అన్నాను.

ఆమె ముఖం మెత్తబడింది. చేతిలో పప్పు వదిలి నా చెయ్యి పట్టుకుంది. "అంతేనా. నాకూ వేసిందే. నిన్ను పిలవకూడదు నేను, ఎంత ప్రమాదం. నువ్వు రాకపోవడమే మంచిదయింది. ఒక్కరమైనా చదువుకున్నాం" అంది. నన్ను ఓదార్చింది. వచ్చేటప్పుడు సంచిలో మినప్పప్పు పోసి ఇచ్చింది, మీ అమ్మకి అని.

ఆ తర్వాత పాతికేళ్లు మేం స్నేహితులుగానే ఉన్నాం. మూడేళ్ల కిందట ఆమె పోయింది. ఆస్పత్రిలో కూడా వచ్చినవాళ్లందరికీ చెప్పేది, మేమిద్దరం ఆ రోజుల్లో ఒకే బల్ల దగ్గర భయపడ్డాం అని. నేను తల ఊపేదాన్ని.

ఆ మధ్యాహ్నం నాకు భయం వేయలేదు. జనం దారి ఇచ్చారు, మామ్మ వెళ్లమంది, చెప్పాల్సిన ప్రతి మాటా నాకు వచ్చు. సయామ పిలిచినా, ఊలే పిలిచినా, ముక్కూ ముఖం తెలియని మొహింగావాడు పిలిచినా ఎక్కేదాన్ని. పిలిచింది ఆమె కాబట్టి ఎక్కలేదు.